నేను ఏటవాలుగా తీసిన బొమ్మలు

స్కాన్ పని చదువుకుంటున్న పిల్లలారా, కోణం ఎలా పెట్టాలో మీకు కాలేజీలో నేర్పుతారు. బోర్డు మీద గీసి చూపిస్తారు. తప్పయితే దిద్దుతారు. దిద్దించుకున్నందుకు మార్కులు కూడా వేస్తారు. నాకు ఎవరూ నేర్పలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. అరవై అయిదు దాటినా పోలేదు, ఇక పోదు. ఈ నాలుగు పేజీలు రాయమని అడిగిన మీ మాస్టారు "పిల్లలకు ఉత్సాహం కలిగేలా రాయండి సార్" అన్నారు. ఆయన మన్నించాలి. నేను చేసిన ఒక తప్పు గురించి, దాన్ని ఒక్క చూపులో పట్టుకున్న మనిషి మీద నాకున్న అసూయ గురించి రాస్తున్నాను. ఉత్సాహం ఎక్కడైనా కనిపిస్తే తీసుకోండి.

నేను మద్రాసు తొండియార్‌పేటవాణ్ణి. మా నాన్న హార్బరులో మూటలు మోశాడు. పదో తరగతితో నా చదువు ఆగింది. ఒక ఎక్స్‌రే సెంటరు డార్క్‌రూమ్‌లో ఫిలిములు కడగడానికి చేరాను. ఇంటికి వెళ్లి అన్నం కలిపినా చేతికి మందు వాసనే. సెంట్రల్ స్టేషను దగ్గర పాత పుస్తకాల అంగళ్లలో శరీరశాస్త్రం పుస్తకం ఒకటి దొరికితే కొన్నాను. సగం పేజీలు లేవు. ఉన్న సగం పేజీలను డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగేళ్లు చదివాను. అందుకే ఇప్పటికీ నాకు కాలేయం గురించి బాగా తెలుసు, మూత్రపిండాల గురించి తక్కువ తెలుసు.

తర్వాత మా సెంటరుకు ఎమ్మారై యంత్రం వచ్చింది. యంత్రం అమ్మిన కంపెనీ ఇంజనీరు మూడు రోజులు ఇంగ్లీషులో పాఠం చెప్పి విమానం ఎక్కాడు. ఆ మూడు రోజుల్లో నాకు అర్థమైనది పావు వంతు. మిగతా ముప్పావు ఇరవై ఏళ్లలో నేనే కనిపెట్టుకున్నాను. మెడ పట్టేసినవాణ్ణి ఎలా పడుకోబెట్టాలి, ఆ గొట్టంలోకి వెళ్లడానికి భయపడేవాళ్లతో ఏం మాట్లాడాలి, మెట్టెలు తీయనని మొండికేసే ముసలమ్మను ఎలా ఒప్పించాలి, ఇవన్నీ ఏ పుస్తకంలోనూ లేవు. రిపోర్టు రాసే పెద్ద డాక్టరు నా బొమ్మలు చూసి "నీ కన్ను టేపు పెట్టి కొలిచినట్టు ఉంటుందయ్యా" అనేవాడు. పదకొండు గంటలకు తన గదికి పిలిచి టీ ఇప్పించేవాడు. మా సెంటరులో ఇంకెవరికీ ఆ టీ లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా ఊరి పాతపట్నం బజారులో ధనియాలు, పసుపు హోల్‌సేల్ చేసే ఒక పెద్దమనిషి తన భార్యను తీసుకుని వచ్చాడు. తరతరాలుగా మద్రాసులో ఉన్న తెలుగువాళ్లు. ఆమెకు అరవై అయిదు ఉంటాయి. బాగా గూని. ఆరు నెలలుగా మరిచిపోతోంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం కాదు, అది మనమూ మరిచిపోతాం. పాలు పొంగి పొయ్యి ఆరిపోతే, ఎదురుగా నిలబడి, ఇవి ఎవరు పెట్టారని అడుగుతోందట. నరాల డాక్టరు చిన్న చిన్న పరీక్షలు పెట్టి, అటూ ఇటూ తేలక, మెదడు స్కాన్‌కు పంపాడు. ఆల్జైమర్స్ ఏమోనని అనుమానం.

మీకు తెలిసిందే అయినా చెబుతాను, ఎందుకంటే తప్పంతా ఇక్కడే ఉంది. మెదడులో చెవుల లోపలి వైపున, అటొకటి ఇటొకటి, చిటికెన వేలంత భాగం ఉంటుంది. హిప్పోకాంపస్. ఇవాళ జరిగింది రేపటికి గుర్తుండాలంటే అది బాగుండాలి. ఆల్జైమర్స్ జబ్బులో మొట్టమొదట చిక్కిపోయేవాటిలో అదొకటి. స్కాన్ ఒక్కటే చూసి ఆ జబ్బును తేల్చరు గాని, అది చిక్కిందా లేదా అన్నది పెద్ద సాక్ష్యం. చిక్కిందో లేదో చూడాలంటే దాన్ని సరిగ్గా అడ్డంగా కోసినట్టు బొమ్మ తీయాలి. అది తలలో వాలుగా ఉంటుంది కాబట్టి, ఆ వాలు చూసుకుని, తెర మీద మనం పెట్టే కోత గీతను కూడా దానికి తగినట్టు వంచాలి.

నేను వంచలేదు. గూని వల్ల ఆమె తల కింద మెత్తదిండు ఎత్తుగా పెట్టాను. గడ్డం ఛాతీ వైపు వంగింది. మామూలుగా ఉండే వాలు ఇంకా పెరిగింది. నేను మాత్రం ఇరవై ఏళ్లుగా పెట్టే నిట్టనిలువు గీతే పెట్టాను. ఎందుకంటే నా కన్ను టేపు పెట్టి కొలిచినట్టు ఉంటుంది కదా!

ఆ రోజు ఇంకో పని కూడా చేశాను. ఆ అమ్మ రాయిలా కదలకుండా పడుకుంది. అంత బాగా పడుకునేవాళ్లు దొరికినప్పుడు, ఎవరికీ చెప్పకుండా, తల మొత్తాన్ని పలచటి కోతల సెట్టుగా ఒకటి అదనంగా తీసుకునేవాణ్ణి. అది ఉంటే తర్వాత కంప్యూటరులో ఆ తలను ఏ వాలులో కావాలంటే ఆ వాలులో మళ్లీ కోసి చూడొచ్చు. ఆ చిటికెన వేలు ముక్కను నేను సొంతంగా నేర్చుకోవాలని ఆశ. పెద్ద డాక్టరుకు తెలియదు, పేషెంటుకు తెలియదు. ఒక డిస్కు మీద ఎక్కించి లాకరులో పడేసేవాణ్ణి. చూద్దాం చూద్దాం అనుకుంటూ ఆమెది చూడనే లేదు.

బయటికి వస్తే ఆమె భర్త చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అంత పెద్ద వ్యాపారి, నా ముందు.

"ఎట్లుండాది సారూ?"

చెప్పకూడదు. బొమ్మ తీయడం వరకే మన పని, ఏముందో చెప్పేది డాక్టరు. కాని ఆ చేతులు కట్టుకున్న తీరు నన్ను పడగొట్టింది.

"ఏమీ లేదయ్యా. క్లీన్‌గా ఉంది" అన్నాను.

నా ఫిలిములు చూసి పెద్ద డాక్టరు కూడా వయసుకు తగ్గట్టే ఉందని రాసి సంతకం పెట్టాడు. నరాల డాక్టరు ఆ రిపోర్టు చూసి, దిగులు వల్ల అలా ఉంటుంది, ఈ మాత్రలు వేసుకుని ఏడాది తర్వాత మళ్లీ రండి అన్నాడు.

ఆ ఏడాది మధ్యలోనే మా ఎమ్మారై గదిలో పనికి ఒక అమ్మాయి వచ్చింది.

డిగ్రీ చదివి వచ్చింది. ఇల్లు మా వీధికి రెండు వీధుల అవతల. వాళ్లూ మన తెలుగువాళ్లే, కాని ఇంట్లో అందరూ తమిళమే. నాతో మాత్రం తెలుగు మాట్లాడేది, తమిళం కలిపి. మొదటి రోజే నన్ను "అంకుల్" అంది. నలభై ఏళ్లు ఆ సెంటరులో నేను "సార్"ని.

అసూయ ఎలా మొదలవుతుందో చెబుతాను, మీకు ఎప్పుడైనా పనికొస్తుంది. మొదట, మన లోపం చూసి కాదు, ఎదుటివాళ్ల హాయి చూసి మొదలవుతుంది. నేను చెమటోడ్చి నేర్చుకున్నది ఆ అమ్మాయి చూయింగ్ గమ్ నములుతూ చేసేది. యంత్రం ఏదైనా తప్పు చూపిస్తే నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ ఉండగా, తను చదివి నవ్వేసేది. పెద్ద డాక్టరు పదకొండు గంటలకు పిలిస్తే నేను లేచి చొక్కా సర్దుకునేవాణ్ణి. "నువ్వు కాదయ్యా, ఆ అమ్మాయిని పంపు" అనేవాడు. టీ రెండు కప్పులే వెళ్లేవి. ఆ కప్పులు మా గది ముందు నుంచే వెళ్లేవి.

పలచటి కోతల సెట్టు తీసి, కంప్యూటరులో మళ్లీ వాలు సరిచేసి కోయడం ఆ అమ్మాయికి మంచినీళ్లు తాగినంత సులువు. నేర్పమ్మా అని అడగడానికి నాకు నోరు రాలేదు. వెనక నిలబడి, ఫైలు వెతుకుతున్నట్టు నటిస్తూ, ఏ బటను తర్వాత ఏ బటను నొక్కుతుందో దొంగచూపులు చూసి నేర్చుకున్నాను. ఒకరోజు తిరక్కుండానే అంది:

"అంకుల్, ఆడ నిల్చుంటే మెడ నొప్పి పుడ్తాది. కుర్చీ ఏసుకోని చూడండి, పరవాలే."

ఆ మాటకు మూడు రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు.

ఏడాది తిరిగింది. ధనియాల వ్యాపారి మళ్లీ భార్యను తీసుకొచ్చాడు. ఆమె చిక్కిపోయింది. ఆయన చేతిలో నిరుటి ఫిలిములు, నిరుటి రిపోర్టు. రిపోర్టును లామినేషన్ చేయించాడు. అంగట్లో దేవుడి పటం పక్కన పెట్టాడట.

"ఏమీ లేదని సారు గూడా చెప్పినాడు, డాక్టరు గూడా రాసినాడు" అన్నాడు ఆ అమ్మాయితో, నన్ను చూపిస్తూ. "కానీ ఈమె చూడు పాపా, దినమూ ఏదో ఒగటి. తాళంచెవి బియ్యం డబ్బాలో ఏస్తాది. అడిగితే నేను కాదంటాది. స్కాన్‌లో ఏమీ లేదు గదా, మరి ఇదంతా ఏంది? పిడివాదం! రిపోర్టు చూపించి చదివి వినిపిస్తా ఉండా, అయినా మారదు."

ఆమె తల వంచుకుని చీర కొంగు మడతలు పెట్టుకుంటోంది.

ఆ అమ్మాయే స్కాన్ తీసింది. మెత్త తగ్గించి, భుజాల కింద దుప్పటి మడిచి పెట్టి, గీత వంచి తీసింది. పెద్ద డాక్టరు నిరుటి ఫిలిమును, కొత్త ఫిలిమును పక్కపక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిరుడు నిండుగా కనిపించిన ముక్క ఇప్పుడు ఎండిన చిక్కుడు గింజలా ఉంది.

"ఒక్క ఏడాదిలో ఇంత చిక్కిందా? ఇది ఆల్జైమర్స్ నడక కాదు. ఇంకేదో తొందర జబ్బు" అన్నాడు.

ఆ అమ్మాయి నిరుటి ఫిలిమును వెలుగుకు ఎత్తి పట్టుకుంది.

"సార్, ఇది ఏటవాలుగా ఉండాది. బజ్జీకి అరటికాయ కోస్తారు గదా, పెద్దగా కనపడాలని వాలుగా? అట్ల కోసినారు. నిరుడే చిక్కి ఉండొచ్చు. మనకు లావుగా కనపడినాది."

తర్వాత నా వైపు తిరిగింది. "ఎవరు తీసినారు అంకుల్ ఇది?"

నిజంగానే తెలియక అడిగింది. కాని నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు గౌను వేసుకుని తిరిగేటప్పటి నుంచి నేను తలలు తీస్తున్నాను. బజ్జీల బేరం నాకు నేర్పుతావా?" అని అరిచాను. పక్క గదిలో పేషెంట్లు తొంగి చూశారు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "సారీ అంకుల్" అంది. అన్నా కూడా ఫిలిము మాత్రం దించలేదు.

డాక్టరు ఇద్దరినీ ఊరుకోమన్నాడు. నిరుటి స్కాన్ కంప్యూటరులో లేదు, ఆరు నెలలు దాటినవి చెరిపేస్తారు. ఫిలిములో కోసిన వాలును ఇప్పుడు మార్చలేం. "తేల్చడానికి దారి లేనప్పుడు చెడ్డదే అనుకుని వెతకాలి" అన్నాడు. నరాల డాక్టరుతో ఫోనులో మాట్లాడాడు. వచ్చే సోమవారం ఆమెను ఆస్పత్రిలో చేర్చాలి. వెన్నులో సూది గుచ్చి నీరు తీయాలి, ఇంకా చాలా పరీక్షలు. ఆ గూని వెన్నులో.

దారి ఉందని నాకు ఒక్కడికే తెలుసు. అది నా లాకరులో ఉంది.

ఆదివారం నా డ్యూటీ. మధ్యాహ్నం అత్యవసరం కేసులేవీ లేవు. పెద్ద డాక్టరు గది తాళం నా దగ్గరే ఉండేది. డిస్కు తీసుకుని వెళ్లి ఆయన కంప్యూటరులో పెట్టాను. నిజం చెబుతాను, ఆ అమ్మను కాపాడదామని కాదు. ఆ పిల్ల తప్పు అని రుజువు చేసి, సోమవారం పదకొండు గంటలకు ఆ గదిలో టీ తాగుదామని.

దొంగచూపులతో నేర్చుకున్న బటన్లు ఒకదాని తర్వాత ఒకటి నొక్కాను. వాలు చూసుకున్నాను. గీత వంచాను. తెర మీద బొమ్మ మారింది.

ఎండిన చిక్కుడు గింజ. నిరుడే.

కొత్త స్కాన్‌తో పోలిస్తే అణువంత తేడా. తొందర జబ్బు ఏమీ లేదు. నిదానంగా నడిచే ఆల్జైమర్స్, నిరుడే అక్కడ కూర్చుని ఉంది. నా నిట్టనిలువు గీత దాన్ని కప్పేసింది.

డిస్కు బయటికి తీశాను. ఇంకో నాలుగు నెలలకు నాకు అరవై నిండుతాయి. దండ వేస్తారు, శాలువా కప్పుతారు. ఈ డిస్కు బయట పెడితే, చెప్పకుండా అదనపు స్కాన్ తీసినందుకు, పేషెంటు బొమ్మలు లాకరులో దాచినందుకు, వెళ్లగొట్టినా అడిగే దిక్కు లేదు. పెట్టకపోతే ఎవరికీ తెలియదు. వెన్ను నీటిలో ఏమీ దొరకదు, ఎలాగూ చివరికి జబ్బు పేరు తేలుతుంది. కాస్త ఆలస్యం, అంతే గదా అని చెప్పుకున్నాను. అన్నిటికన్నా అడుగున ఇంకో మాట ఉంది, దాన్ని దాచను: ఆ పిల్ల చెప్పింది నిజమని నా చేత్తో నేనే తెచ్చి ఇవ్వాలా?

డిస్కు జేబులో వేసుకుని ఇంటికి వెళ్లాను.

సోమవారం ఉదయం ఆ వ్యాపారీ భార్యా ఫిలిములు తీసుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లడానికి వచ్చారు. రెండు బట్టల సంచులు, ఒక ఫ్లాస్కు. ఆయన రిసెప్షన్‌లో సంతకాలు పెడుతున్నాడు. ఆమె బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. నేను తల తిప్పుకుని దాటిపోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నాయనా, నువ్వే గదా నాకేం లేదని చెప్పినోడివి?"

నిన్నటి మాట గుర్తుండని మనిషికి నేను గుర్తున్నాను. ఏడాది పొడుగునా రోజూ నా మాటే చెప్పి ఆమెను తిట్టారు, మరి ఎలా మరిచిపోతుంది!

"అయితే నేను కావాలనే చేస్తా ఉండానా?" అని అడిగింది. ఏడుపు లేదు, కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "ఆయన అట్లే అంటాడు. నాకు మాత్రం కావాలని చేసినట్టు లేదే. నువ్వు లోపల చూసినావు గదా. నువ్వు చెప్పు."

నలభై ఏళ్ల నౌకరీలో నా బొమ్మ గురించి పేషెంటు నన్ను నేరుగా అడిగిన ప్రశ్న అదొక్కటే. జవాబు నా జేబులో ఉంది.

"కావాలని కాదమ్మా" అన్నాను. "రెండు నిమిషాలు ఇక్కడే కూర్చోండి. ఆస్పత్రికి వెళ్లకండి."

పెద్ద డాక్టరు గదిలోకి పిలవకుండానే వెళ్లాను. ఆ అమ్మాయి కూడా అక్కడే ఉంది. డిస్కు బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. ఆయన ముఖం నల్లబడింది.

"నిన్నెవరు తీయమన్నారు? ఎన్ని ఉన్నాయి ఇట్లాంటివి నీ దగ్గర? ఇది నీ ఇంటి ఆల్బమ్ అనుకున్నావా?"

తిట్టిన తిట్లన్నీ ఇక్కడ రాయను. తమిళంలో వాటికి మంచి బలం ఉంది. తిట్టడం అయ్యాక కుర్చీ జరిపి, "నువ్వు కోయమ్మా" అని ఆ అమ్మాయితో అన్నాడు. నేను కోయగలను సార్, నిన్న కోశాను అని నాలుక చివరి దాకా వచ్చింది. వెనక్కి జరిగాను. నాకు ఆరు బటన్లు పట్టిన పని ఆమె మూడు బటన్లలో చేసింది. తెర మీద అదే చిక్కుడు గింజ.

డాక్టరు తెర దగ్గరికి వంగి చూశాడు. "సూపర్‌మా. ఒక్క చూపులో పట్టేశావు" అన్నాడు. ఆమెతో. నేను ఆ గదిలో ఉన్నానన్న సంగతి కూడా ఆయనకు గుర్తు లేదనుకుంటా. నిరుటి రిపోర్టు మీద సంతకం ఆయనదే. వాలు ఆయన కూడా చూసి ఉండాల్సింది. ఆ మాట ఆ రోజు ఆ గదిలో ఎవరూ అనలేదు. నేను ఇప్పుడు అంటున్నాను.

ఆస్పత్రికి ఫోను చేసి సూది ఆపించారు. వ్యాపారిని లోపలికి పిలిచి, జబ్బు పేరు చెప్పి, ఇది నిరుడే ఉందని, నిదానంగా నడుస్తుందని, మందులు కొంత సాయం చేస్తాయి గాని మాన్పలేవని చెప్పారు. ఆయన మిగతాదేమీ విన్నట్టు లేదు.

"నిరుడే ఉండాదా?" అన్నాడు. మళ్లీ అదే. "నిరుడే ఉండాదా సార్?"

 ఆయన నా వైపు చూశాడు. తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండేది. "ఏడాదంతా తిట్టినానే" అన్నాడు, నాతో కాదు.

మధ్యాహ్నం నాకు మెమో వచ్చింది. మిగిలిన నాలుగు నెలలు ఎమ్మారై గదిలోకి రాకూడదు, కింద ఎక్స్‌రేలో పని చేయాలి. సాయంత్రం ఆ అమ్మాయి మెట్ల దగ్గర ఆపింది.

"మీరు ఆ డిస్కు కువం ఏట్లో పారేసి ఉంటే ఎవురికీ తెలిసేది కాదు సార్" అంది.

మొదటిసారి సార్ అంది. దానికి నేను కరిగిపోయానని రాస్తే మీ మాస్టారికి నచ్చుతుంది. కరగలేదు. "నీ కోసం తేలేదు" అన్నాను. "తెలుసు" అని నవ్వింది. ఇప్పుడు షోళింగనల్లూరులో, మెదడు కొలతలను తనంతట తనే తీసే ప్రోగ్రాము తయారుచేసే ఒక ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేస్తోందట. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. మీరు ఏమైనా అనుకోండి.

చివరగా ఒకటి. నేను రిటైరవడానికి వారం ముందు, ఆ వ్యాపారి భార్యను ఎక్స్‌రేకు తీసుకొచ్చాడు. స్నానాలగదిలో జారి మణికట్టు వాచింది. ఎముక విరగలేదు. నేను బొమ్మ తీస్తుంటే ఆయన బయట నిలబడి ఉన్నాడు. నన్ను ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. వరండాలో ఆమె చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ పోతున్నాడు.

"ఏడికి పోతా ఉండాం?" అని అడిగింది ఆమె.

"ఇంటికి పోతా ఉండాం."

నాలుగు అడుగులు. "ఏడికి పోతా ఉండాం?"

"ఇంటికి పోతా ఉండాం."

గేటు చేరేలోపు ఆమె ఆరుసార్లు అడిగింది. ఆరోసారి కూడా ఆయన, అప్పుడే మొదటిసారి వింటున్నట్టు, ఆగి, ఆమె ముఖం వైపు వంగి, అదే గొంతుతో చెప్పాడు. ఏడాది పాటు చేసిన తప్పును ఆ మనిషి మాట మాటకూ దిద్దుకుంటున్నాడు. ఆయనకు రేపు ఉంది, ఎల్లుండి ఉంది. నాకు ఆ తలను మళ్లీ తీసే వీలు లేదు.

అంతవరకు నా అసూయంతా ఆ అమ్మాయి మీదే అనుకున్నాను. వాళ్లు ఆటో ఎక్కే దాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను.